మా అమ్మమ్మ ఉపాధ్యాయురాలు: ఆమె జీవితాన్ని ఎట్లా రాయాలి?

ప్రశ్న అడిగినవారు: దేవరకొండ మనుమరాలు

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ పోయిన శ్రావణంలో కాలం చేశారు. వచ్చే శ్రావణంలో సంవత్సరికం జరుగుతుంది. ఆ రోజు వచ్చే బంధువులకూ, ఆమె దగ్గర చదువుకున్నవారికీ ఇవ్వడానికి 32 పేజీల చిన్న పుస్తకం అచ్చు వేయించాలని ఇంట్లో అనుకున్నాము. రాసే పని నాకు అప్పగించారు. రెండు నెలలుగా కూర్చుంటున్నాను, కాని మొదటి పేజీ దాటలేకపోతున్నాను.

అమ్మమ్మ దేవరకొండ తాలూకా పల్లెల్లో 37 సంవత్సరాలు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశారు. 1965లో చేరి 2002లో పదవీ విరమణ చేశారు. అందులో ఎక్కువ కాలం ఒకే గది, ఒకే ఉపాధ్యాయురాలు, ఐదు తరగతులు ఉన్న బడులే. మా మేనమామ ఒక నమూనా రాసి పంపారు. అందులో ప్రేమమూర్తి, త్యాగశీలి, అజాతశత్రువు వంటి మాటలు పేజీ నిండా ఉన్నాయి. తల్లిని పోగొట్టుకున్న మామయ్య బాధ నాకు తెలుసు, ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అయితే అమ్మమ్మ పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టినా ఆ పేజీ అట్లాగే నిలబడుతుంది. నన్ను ఆపుతున్నది అదే.

దినాలు అయిపోయిన తర్వాత ఆమె ట్రంకు పెట్టె సర్దుతుంటే, చీరల అడుగున గుడ్డ అట్ట వేసిన పొడుగు నోటు పుస్తకం ఒకటి దొరికింది. చేతితో గీతలు కొట్టి నాలుగు గడులు చేశారు: పేరు, ఇంటి గుర్తు, బడి మానిన రోజు, కారణం. కారణాల గడిలో "గొర్లకాడికి", "చెల్లెను ఎత్తుకొనుటకు", "పెండ్లి", "తల్లిదండ్రులు బొంబాయి పోయినారు", "కాళ్ళు వంగినవి" అని ఉన్నాయి. మొత్తం 61 పేర్లు. వాటిలో 23 పేర్లకు ఎదురుగా ఎర్ర సిరాతో "మళ్ళీ వచ్చినాడు" లేదా "మళ్ళీ వచ్చినది" అని తేదీతో సహా రాశారు. ఈ పుస్తకం గురించి మా అమ్మకు కూడా తెలియదు.

అదే పుస్తకాన్ని తిరగేసి వెనుక నుంచి తెరిస్తే అవే నాలుగు గడులు మళ్ళీ కనిపించాయి. ఈసారి పేర్లు మావి, అంటే ఐదుగురు మనుమలు, మనుమరాండ్రవి. వేయించిన టీకా, కొలిచిన ఎత్తు, మొదట రాసిన అక్షరం అన్నీ తేదీలతో ఉన్నాయి. నా పేరుకు ఎదురుగా "ర. తలకట్టు మరచినది" అని ఉంది. నేను మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా ఆమె దగ్గరే పెరిగాను. వాకిట్లో ఇసుక పరచి, దాని మీద చింతగింజలతో అక్షరాన్ని పేర్చి, నా చూపుడువేలు పట్టుకొని ఆ గింజల వెంట నడిపించేవారు. తలకట్టు చివర పెట్టిన గింజ ప్రతిసారీ జారిపోయేది, ఆమె ప్రతిసారీ దాన్ని తెచ్చి అక్కడే పెట్టేవారు. నేను మరచిన తలకట్టు బహుశా అదే.

నాకు తేలని విషయాలు మూడు ఉన్నాయి. సర్వీసు రిజిస్టరులో ఆమె పుట్టిన తేదీ 1944 జూలై 1 అని ఉంది. ఆమె మాత్రం తాను సంక్రాంతి ముందర చలికాలంలో పుట్టానని చెప్పేవారు. ఏది రాయాలి? రెండవది చెప్పడానికి కష్టంగా ఉంది. ఉద్యోగం మొదటి సంవత్సరాల్లో ఆమె పిల్లలను బెత్తంతో కొట్టేవారు, తర్వాత మానుకున్నారు, దాని గురించి చివరి దాకా బాధపడ్డారు. ఇది రాయవచ్చునా? మామయ్య వద్దంటున్నారు. మూడవది, ఆ నోటు పుస్తకంలోని పేజీలను అచ్చు వేయవచ్చునా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం 1: విశ్రాంత ఉపాధ్యాయుడు, నాగర్‌కర్నూల్

అమ్మా, మీ ప్రశ్న చదివిన తర్వాత చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. నేనూ ఏకోపాధ్యాయ పాఠశాలలోనే ఉద్యోగం మొదలుపెట్టినవాడిని. ఒక పక్క ఒకటో తరగతి పిల్లలు పలకల మీద దిద్దుతుంటే, మరో పక్క ఐదో తరగతికి భిన్నాలు చెప్పుకుంటూ, మధ్యలో రెండో తరగతి చేత ఎక్కాలు చదివించుకుంటూ గడిపే ఆ రోజును చూడనివారికి వివరించడం కష్టం. అందువల్ల మీ పుస్తకంలో "37 సంవత్సరాలు పనిచేశారు" అని ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, ఆమె ఒక్క రోజును ఉదయం గంట కొట్టడం నుంచి సాయంత్రం తాళం వేయడం దాకా రాయండి. ఆమె బడిలో చదివినవారు ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి అడిగితే ఆ రోజు మొత్తం బయటకు వస్తుంది.

సర్వీసు రిజిస్టరు మీ దగ్గర ఉండడం అదృష్టం. చేరిన బడి, బదిలీలు, ఇంక్రిమెంట్లు, పెట్టిన సెలవులు, పరీక్షలు పాసైన వివరాలు అన్నీ వరుసగా అందులో ఉంటాయి. సెలవుల పేజీని తప్పకుండా చూడండి. ప్రసూతి సెలవు తేదీలను బట్టి మీ అమ్మగారు, మామగారు పుట్టినప్పుడు ఆమె ఏ ఊరిలో పనిచేస్తున్నారో, ఎన్ని రోజులకు తిరిగి బడికి వచ్చారో తెలుస్తుంది. అయితే ఒక జాగ్రత్త. పాత ముద్రల్లో పంచాయతీ సమితి అని ఉంటుంది, తర్వాతి ముద్రల్లో మండల ప్రజా పరిషత్ అని ఉంటుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, ఆ తర్వాత సమితుల స్థానంలో మండల పరిషత్తులు వచ్చాయి. కాబట్టి బడి పేరు మారినట్లు కనిపించినా, అది బదిలీయో, ముద్ర మారడమో సరిచూసుకోండి. ఊరి పేరు పక్కన ఆనాటి తాలూకా, ఈనాటి మండలం రెండూ రాస్తే చదివేవారికి అయోమయం ఉండదు. మా వైపు ఇంకా కష్టం. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి కాబట్టి, మహబూబ్‌నగర్ జిల్లాలో చేరిన ఉద్యోగి అదే ఊరిలో ఉండి నాగర్‌కర్నూల్ జిల్లావాడైపోయాడు.

పుట్టిన తేదీ సంగతి చెబుతాను. ఆ కాలంలో పల్లెల్లో పుట్టిన తేదీలు రాసిపెట్టుకున్న ఇళ్ళు తక్కువ. పిల్లవాణ్ణి బడికి తెచ్చిన తండ్రి "పెద్ద వాన కురిసిన ఏడు పుట్టిండు సారూ" అంటే, మేము వయసు అంచనా కట్టి, బడిలో చేర్చుకోవడానికి సరిపోయేటట్లు ఒక జూన్ తేదీయో, జూలై 1వ తేదీయో వేసేవాళ్ళము. మా తాలూకాల్లో జూలై 1న పుట్టినవారు అంతమంది ఉండడానికి కారణం అదే. మీ అమ్మమ్మగారికి కూడా ఎవరో ఒక పంతులు ఆ తేదీ ఇచ్చి ఉంటారు, ఆమె కూడా తన చేతితో ఎందరికో తేదీలు ఇచ్చి ఉంటారు. రికార్డులో ఉన్నది 1944 జూలై 1 అనీ, ఆమె చెప్పినది సంక్రాంతి ముందర అనీ రెండూ రాయండి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. రజాకార్ల కాలపు జ్ఞాపకాలు ఏవైనా ఆమె చెప్పి ఉంటే, అప్పటికి ఆమె ఎంత పిల్లో పోల్చి చూసుకోండి, సంవత్సరం సరైనదో కాదో తేలుతుంది.

ఆమె తరం గురించి కూడా రెండు మాటలు ఉండాలి. నిజాం కాలంలో పై చదువు ఉర్దూలోనే సాగేది, మా తండ్రులు తెలుగు ఇంట్లో మాట్లాడి ఉర్దూలో పరీక్షలు రాశారు. ఊరి ఆడపిల్లకు బడి దాదాపు లేనే లేదు. ఆ స్థితిలో పుట్టి, తెలుగు మాధ్యమంలో చదివి, ట్రైనింగ్ పూర్తి చేసి, 21 ఏళ్ళకు బస్సు రాని ఊరికి ఒంటరిగా వెళ్ళి గది అద్దెకు తీసుకున్న స్త్రీ ఆమె. ఆమెను పంపిన తండ్రి ఎవరు, అద్దెకు ఇచ్చిన ఇల్లు ఎవరిది అన్నది కనుక్కోండి. ఈ రెండూ తెలిస్తే ఆమె కథకు మొదలు దొరికినట్లే.

"ఇంటి గుర్తు" అన్న గడి చూడగానే నాకు జనాభా లెక్కలు జ్ఞాపకం వచ్చాయి. 1971, 1981, 1991 లెక్కలకు మా ఉపాధ్యాయులమే ఇల్లిల్లూ తిరిగాము. ఏ ఇంట్లో బడి ఈడు పిల్ల ఉండి కూడా బడికి రావడం లేదో ఆ తిరుగుడులో కళ్ళకు కట్టినట్లు కనిపించేది. చాలామందిమి ఫారాలు నింపి, అప్పగించి మరచిపోయాము. ఆమె తనకోసం ఒక పుస్తకం కుట్టుకున్నారని నా ఊహ. మొదటి పేరు దగ్గరి తేదీ ఏ సంవత్సరానిదో చూసి చెప్పగలరా?

బెత్తం సంగతి. రాయండి అమ్మా. మేమందరమూ కొట్టాము. తొడపాశాలు పెట్టాము, గోడకుర్చీలు వేయించాము, అదే క్రమశిక్షణ అనుకున్నాము. నా చేతి దెబ్బకు బడి మానిన పిల్లవాడు ఒకడున్నాడు. నలభై ఏళ్ళయినా వాడి ముఖం నాకు కనిపిస్తూనే ఉంటుంది. ఆమె కొట్టడం మానుకున్నారు అన్న వాక్యానికి బరువు రావాలంటే, కొట్టారు అన్న వాక్యం దానికి ముందు ఉండాలి. ఎప్పుడు మానుకున్నారు, ఎందుకు మానుకున్నారు అన్నది మీ అమ్మగారిని అడగండి. మీ మామగారికి నా మాటగా చెప్పండి. ఆ ఒక్క విషయం దాచితే, ఆమె దగ్గర చదువుకున్నవారు పుస్తకం చదివి, ఇది మన టీచరమ్మ కాదు అనుకుంటారు.

సమాధానం 2: పాలమూరు మనుమడు

సార్ చెప్పినదానికి నేను కలపగలిగినది కొంచెమే. "తల్లిదండ్రులు బొంబాయి పోయినారు" అన్న మాట దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే ఆ గడిలో ఉండవలసిన పేరు నాది.

మాది నారాయణపేట వైపు. దేశంలో ఎక్కడ పెద్ద ఆనకట్ట కట్టినా అందులో పాలమూరు కూలి చెయ్యి ఉన్నదని మా దగ్గర అంటారు. దసరా దాటగానే ఊరు ఖాళీ అయ్యేది, తొలకరికి తిరిగి నిండేది. పిల్లలను వెంట తీసుకుపోతే వాళ్ళ చదువు అంతటితో సరి. మా ఊరి టీచరమ్మ మా అమ్మానాన్నలతో గొడవపడి నన్ను నాయినమ్మ దగ్గర ఉంచేటట్లు చేశారు. మా నాయినమ్మకు అక్షరం రాదు. అందువల్ల నెలకొకసారి ఇద్దరం బడికి వెళ్ళేవాళ్ళం. నాయినమ్మ చెబుతుంటే టీచరమ్మ ఇన్‌లాండు కవరు మీద మా నాన్నకు ఉత్తరం రాసేవారు. అప్పు ఎంత తీరింది, బర్రె ఈనిందా, వానలు ఎట్లా ఉన్నాయి అన్నీ రాసి, చివర రెండు వేళ్ళంత చోటు విడిచిపెట్టి కలం నాకు ఇచ్చేవారు. ఆ చోటులో నేను ఒక వాక్యం రాయాలి. తప్పు రాసినా ఆమె దిద్దేవారు కాదు. "మీ నాయిన నీ రాతనే చూడాలె గాని నా రాతను గాదు" అనేవారు. మా నాన్న ఆ ఉత్తరాలను అక్కడ రేకుల షెడ్డులో ఒక సంచిలో దాచుకొని, ప్రతి వానాకాలం ఊరికి తెచ్చారు. పదకొండు ఉత్తరాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. మొదటి దానికీ చివరి దానికీ మధ్య నా అక్షరం ఎట్లా నిలదొక్కుకున్నదో వాటిలో కనిపిస్తుంది.

అందుకే అడుగుతున్నాను. మీ అమ్మమ్మగారి దగ్గర ఉత్తరాలు రాయించుకున్న ఇళ్ళు తప్పకుండా ఉంటాయి, ఆ కుటుంబాలను వెతకండి. ఆమె చేతిరాత ఆమె ట్రంకు పెట్టెలో కంటే ఇతరుల ఇళ్ళల్లోనే ఎక్కువ ఉండవచ్చు.

నాయినమ్మ పోయినప్పుడు నేను కూడా మీ మామగారు రాసినటువంటి పుస్తకమే వేయించాను. ఆమె పచ్చిపులుసులో ఉల్లిగడ్డను కత్తితో కోయకుండా చేతితో నలిపి వేసేదని అందులో ఎక్కడా లేదు. ఇప్పుడు నా పిల్లలు ఆ పుస్తకం చదివితే వాళ్ళకు ఆమె కనిపించదు. అది నాకు ఈనాటికీ కొరతగానే ఉంది.

సమాధానం 3: మర్రిగూడ ఆడబిడ్డ

అక్కా, "కాళ్ళు వంగినవి" అన్న పిల్లల ఊళ్ళలో నేను పుట్టాను. మా నీళ్ళలో ఫ్లోరైడు సంగతి అందరికీ తెలిసినదే. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని చెప్పే పదార్థం మా బోరుబావుల్లో దానికి ఎన్నో రెట్లు ఉండేది. కొత్త పళ్ళు లోపల తయారవుతున్న చిన్న వయసులో ఆ నీళ్ళు తాగితే పళ్ళ మీద గోధుమరంగు చారలు పడి జీవితాంతం ఉంటాయి. ఏళ్ళ తరబడి తాగినవారికి ఎముకలు గట్టిపడి మోకాళ్ళు, నడుము, మెడ వంగవు. అట్లాంటి పిల్లలు బడిలో బాసింపట్టు వేసుకొని కూర్చోలేరు. మా టీచరు గోడ వెంట షాబాదు బండలు ఎత్తుగా పేర్పించి, కింద కూర్చోలేని మమ్మల్ని వాటి మీద కూర్చోబెట్టారు. అది పెద్ద పని అని అప్పుడు నాకు తెలియదు. కాని ఆ బండలు లేకపోతే నేను మూడో తరగతిలోనే ఆగిపోయేదాన్ని.

నీళ్ళలోని ఫ్లోరైడును తగ్గించడానికి మా జిల్లా పేరుతోనే నల్లగొండ పద్ధతి అని ఒకటి ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ వారు దాన్ని రూపొందించారు. నీళ్ళలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి తిప్పి, తేరిన తర్వాత పైనీటిని వడకట్టుకోవాలి. మా టీచరు దాన్ని బకెట్టులో చేసి చూపించేవారు. మీ అమ్మమ్మగారు కూడా అట్లాంటిది చేశారేమో అడగండి. మీరు చిన్నప్పుడు అక్కడే పెరిగారు కదా, మీరు ఏ నీళ్ళు తాగారు?

పేర్ల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. "పెండ్లి" అని రాసిన ఆడపిల్లలు ఇప్పుడు అమ్మమ్మలు, నాయినమ్మలు అయి ఉంటారు. పన్నెండేళ్ళకు పెండ్లి అయిందని, కాళ్ళు వంగాయని వాళ్ళ పేరుతో అచ్చయితే చదివేది వాళ్ళ కోడళ్ళు, అల్లుళ్ళు. ఒక్కొక్కరినీ అడగకుండా ఆ పేజీ వేయవద్దు. మీ అమ్మమ్మ ఆ పుస్తకాన్ని చీరల అడుగున పెట్టుకున్నారని మరచిపోవద్దు.

మళ్ళీ దేవరకొండ మనుమరాలు

సార్, అన్నా, చెల్లీ, ముగ్గురికీ నమస్కారాలు. మూడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి.

సార్ అడిగిన తేదీ చూశాను. నోటు పుస్తకంలో మొదటి పేరు 1971 ఏప్రిల్‌ది. మీ ఊహ నిజమే అయి ఉండాలి. బెత్తం గురించి అమ్మను అడిగాను. ఆ పుస్తకంలోనే జవాబు ఉందని అమ్మకూ తెలియదు, నాకూ తెలియలేదు. ఒక పిల్లవాని పేరు ముందు కారణం గడిలో "నా వలన" అని రెండే మాటలు ఉన్నాయి. ముందు చదివినప్పుడు తల్లిదండ్రులు ఎవరో చెప్పిన మాటను రాసుకున్నారనుకొని దాటిపోయాను. ఆ పేరుకు ఎదురుగా ఎర్ర సిరా లేదు. ఆ సంవత్సరం తర్వాత ఆమె చేతిలో బెత్తం చూసినట్లు ఎవరూ చెప్పడం లేదు. మామయ్యకు ఆ పేజీ చూపించాను. చాలాసేపు చేతిలో పట్టుకొని, "ఇది ఉండనీ బిడ్డా" అన్నారు.

చెల్లి అడిగిన నీళ్ళ సంగతి నేను ఎన్నడూ ఆలోచించలేదు. మా పెద్దమ్మ వాళ్ళు అప్పట్లో నాగార్జునసాగర్‌లో ఉండేవారు. అమ్మమ్మ ప్రతి ఆదివారం బస్సులో అక్కడికి వెళ్ళి, రెండు ప్లాస్టిక్ డబ్బాల నిండా కృష్ణ నీళ్ళు తెచ్చేవారు. ఆ నీళ్ళు నాకూ, మా తమ్మునికీ మాత్రమే. తాను ఊరి బోరు నీళ్ళే తాగారు. నాలుగేళ్ళు ఆ విధంగా చేశారు. కూతురిని చూడడానికి వెళ్ళి వస్తున్నారని నేను అనుకునేదాన్ని. నిన్న రాత్రి అద్దం ముందు నిలబడి నా పళ్ళు చూసుకున్నాను, మచ్చ ఒక్కటి లేదు. చివరి పదేళ్ళు అమ్మమ్మ మెడ పక్కకు తిప్పలేకపోయేవారు, పిలిస్తే మనిషంతా తిరిగి చూసేవారు. వయసు వల్ల అనుకున్నాము.

పేర్ల కోసం ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాను. ఇప్పటికి నలుగురు దొరికారు. ఇద్దరు తమ పేరు వద్దన్నారు, వేయడం లేదు. "పెండ్లి" అని రాసి ఉన్న ఒకామె జిరాక్సు కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకొని తన పేరు తానే చదువుకున్నారు. తర్వాత నాతో, "మీ అమ్మమ్మ మా ఇంటికి మూడుసార్లు వచ్చింది. మా నాయిన రెండోసారి తలుపు తెరవలేదు, అరుగు మీద పొద్దు గుంకేదాకా కూసున్నది. అది ఇందుల రాయలేదేంది?" అని అడిగారు. నేను రాస్తానని చెప్పాను. తన పేరు కూడా వేయమన్నారు. ఎర్ర సిరా లేని ఆ గడి పక్కన, వాళ్ళ మనుమరాలు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నదని రాయమని రెండుసార్లు చెప్పారు.

వచ్చే ఆదివారం మామయ్యతో కలిసి మర్రిగూడ వైపు వెళ్తున్నాము. "నా వలన" అని రాసి ఉన్న పిల్లవాని అన్న ఒకరు అక్కడ ఉన్నారని తెలిసింది. చెల్లీ, ఆ బండలు వేసిన బడి ఏ ఊరిదో వీలైతే నాకు రాయి. మా అమ్మమ్మ రిజిస్టరులో మర్రిగూడ దగ్గరి ఊరు ఒకటి ఉంది.